పొగలో పరుగెత్తేవాడు

మిలాన్, 1873 జనవరి 19

ఒరేయ్ బోర్తొలో,

మీ ఆవిడ జెలిందా పంపిన ఎండు చెస్ట్‌నట్లు అందాయి. సంచికి ఒక మూల చిల్లు పడింది. సగం దారిలో ఎవరు తిన్నారో వాళ్ల కడుపు చల్లగా ఉండాలి. మిగిలినవి పాలలో ఉడికించుకుని తిన్నాను. ప్రతి క్రిస్మస్‌కూ పంపుతూనే ఉన్నారు, పద్నాలుగేళ్లుగా. ఎందుకురా నాకు ఇంత మర్యాద?

అసలు సంగతికి వస్తాను. మన ఊరి మేయరుగారి నుంచి ఉత్తరం వచ్చింది. నీకు తెలియకుండా ఎలా ఉంటుందిలే, పాత సిపాయిల కమిటీకి పెద్దవు నువ్వేనట కదా! యాభై తొమ్మిదిలో ఆస్ట్రియావాళ్లతో జరిగిన పియోపెత్తా పోరాటాన్ని నేను బొమ్మగా వేయాలట. మునిసిపల్ హాల్లో, మేయరు కుర్చీ వెనక గోడ నిండా రావాలట. రెండు షరతులు పెట్టారు. మన ఊరినుంచి వెళ్లిన పదకొండుమందీ అందులో ఉండాలి, ఎవరి ముఖం ఎవరిదో తల్లి గుర్తుపట్టేలా ఉండాలి. రెండోది, సాన్ రోకో పండుగనాడు తెర తీసేముందు మీ పాత సిపాయిలంతా వచ్చి చూస్తారు. ఒక్క అబద్ధం కనిపించినా బొమ్మను చుట్టచుట్టి మిలాన్‌కు తిప్పి పంపేస్తారు.

"ఆ రోజు అక్కడే ఉన్న చిత్రకారుడు" అని నన్ను గురించి రాశారు మేయరుగారు. నా పేరు ముందు ఈ మాట లేకపోతే నేనెవణ్ణి? మా నాన్న పూటకూళ్ల ఇళ్లకు కోడిపుంజుల బోర్డులు వేసేవాడు. నేనూ అవే వేస్తూ ఉండేవాణ్ణి. యుద్ధం వచ్చింది, నా బొమ్మలు పత్రికలో పడ్డాయి, అంతే, జనరళ్లు క్యూ కట్టారు. పదకొండు యుద్ధాలు వేశాను. ఒకాయనకు మీసం పెంచాను, ఒకాయనకు పొట్ట తగ్గించాను. నా గుర్రాలకు గిట్టలే ఉండవని, ఎప్పుడూ దుమ్ములోనే నిలబడతాయని ఒక పత్రికవాడు రాశాడు. రాసుకోనీ. కానీ ఇప్పుడు డబ్బున్నవాళ్లకు యుద్ధాలు వద్దు. పిల్లికూనలతో ఆడుకునే పాపలు కావాలి. మన ఊళ్లోనే నా బొమ్మ వెనక్కి వచ్చిందంటే మిలాన్‌లో నా గడప తొక్కేవాడు ఉండడు.

అందుకని సరిగ్గా చెప్పు. తూటా తగిలినప్పుడు నువ్వు ఎక్కడున్నావు? మల్బరీ చెట్ల వరసకు ఇవతలా, అవతలా? ముఖం ఎటు ఉంది? అందరి సంగతీ కనుక్కుని రాయి. నేనూ ఆ దరిదాపుల్లోనే ఉన్నాను కానీ, పొగ కదా, అంతా గుర్తులేదు.

నీ
జెర్వాసో

---

కాస్తెల్‌మోరా, ఫిబ్రవరి 11

జెర్వాసో,

నీ ఉత్తరం జెలిందా చదివి వినిపించింది. నేను చదవగలను కానీ, నీ అక్షరాలు చూస్తే నాకు తల తిరుగుతుంది. గుర్రాలకు గిట్టలు లేకపోతే లేకపోయాయి, అక్షరాలకైనా కాళ్లుండాలి కదరా.

కమిటీ పెద్దరికం నేను అడుక్కున్నది కాదు. కుంటుకుంటూ వెళ్లేవాడికి కుర్చీ వేస్తారు, కుర్చీలో కూర్చున్నవాణ్ణి పెద్ద అంటారు. ఇంతే.

అందరి కోరికలూ రాస్తున్నాను, రాసుకో. రొట్టెల ఎర్కోలెకు గడ్డం కావాలట. "అప్పుడు నీకు గడ్డమెక్కడిదిరా?" అంటే, "ఇప్పుడుంది కదా, మనవలు గుర్తుపట్టొద్దా?" అన్నాడు. బూర ఊదే పాచీఫికో బూర నోటి దగ్గరే ఉండాలన్నాడు. చెలెస్తినోవాళ్లమ్మ తెరెజా అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది, వాడికి తను అల్లిన బూడిదరంగు మేజోళ్లు వేయమని. చనిపోయిన నలుగురిలో చిన్నవాడు వాడే కదా. ఆ మేజోళ్లు బూట్లలో కనపడవు అవ్వా అంటే వినలేదు.

నా సంగతి పెద్దగా లేదు. నన్ను చిన్నగా వెయ్యి. ఎక్కడో వెనక, పొగలో. ముఖం ఎటుందో నాకు మాత్రం ఏం గుర్తు? తూటా తగిలినవాడు దిక్కులు చూసుకుంటాడా?

ఒక మాట అడుగుతాను. నువ్వు ఎక్కడున్నావురా అప్పుడు? నువ్వే కదా సాయంత్రం నన్ను వీపుమీద మోసుకుని పొలం ఇంటికి చేర్చావు. అంతకుముందు నువ్వు ఏమేం చూశావు? ఊరికే అడుగుతున్నాను.

ఇక్కడ మంచు కరగలేదు. కాలు లాగుతోంది.

బోర్తొలో

---

మిలాన్, మార్చి 8

ఒరేయ్ సిగ్గరీ,

చిన్నగా వెయ్యాలా? పొగలో వెయ్యాలా? ఊరంతటికీ పతకం ఉన్న మగాడివి నువ్వొక్కడివే. మేయరుగారు మళ్లీ రాశారు, బోర్తొలో ఛాతీమీద పతకం తళతళలాడాలట. "అయ్యా, ఆ పతకం ఇచ్చింది ఆ పోరాటానికే కదండీ, పోరాటం మధ్యలోనే అది ఛాతీమీదికి ఎలా వస్తుందండీ?" అని రాశాను. "జనం అంత ఆలోచించరు" అని జవాబు. సరే, పతకం సంగతి తర్వాత చూద్దాం.

నా పని చూస్తే నువ్వు పడీ పడీ నవ్వుతావు. గదిలో గడ్డి కూరిన గుర్రం ఒకటి ఉంది, దాని చెవి ఎలుకలు తిన్నాయి. చనిపోయిన తెల్లకోట్లవాడు కావాలంటే మా వీధి చాకలి మద్దలేనానే దిక్కు. ఆస్ట్రియా కోటు తొడిగించి నేలమీద పడుకోబెడతాను. నిన్న ఆవిడ శవంగా పడుకునే, "బాబూ, కాస్త త్వరగా చంపండి, పొయ్యిమీద మొక్కజొన్న సంకటి అడుగంటుతోంది" అంది. ఆవిడ నవ్వుకు కోటు గుండీ తెగిపోయింది.

నేనెక్కడున్నానన్నావు. అక్కడే ఉన్నాను. ఆ గందరగోళంలో ఎవరు ఎక్కడున్నదీ ఎవరు చెప్పగలరు?

ఈ ఉత్తరంతో నీ బొమ్మ తాలూకు చిన్న నకలు పంపుతున్నాను. బాగా చూడు. అందరికంటే ముందు నువ్వు. తుపాకి పైకెత్తి, తల వెనక్కి తిప్పి, "రండిరా!" అని మనవాళ్లను పిలుస్తున్నావు. ఊళ్లో చెప్పుకునేది అదే కదా, వెనక్కి తిరిగి పిలుస్తుండగా తూటా తగిలిందని. ముఖం నిండా వెలుగు. ఇంతకంటే అందంగా నీ పెళ్లిలో కూడా లేవు.

నచ్చితే నచ్చిందని రాయి.

జెర్వాసో

---

కాస్తెల్‌మోరా, ఏప్రిల్ 2

మిలాన్ నగర చిత్రకారులు జెర్వాసోగారికి,

మీరు పంపిన నకలు అందింది. తిప్పి పంపుతున్నాను.

దయచేసి నన్ను ఆ బొమ్మలోంచి తీసేయండి. పదిమందితోనే వేసుకోండి. కమిటీ పెద్దరికం కూడా పాచీఫికోకు ఇచ్చేస్తానని మేయరుగారికి చెప్పాను.

చదువుకోనివాణ్ణి కావచ్చు కానీ ఎగతాళి ఏదో నాకు అర్థమవుతుంది. మీరు ఆ రోజు అక్కడే ఉన్నానంటున్నారు. నన్ను ఎత్తుకున్నది మీరే. నా గాయం ఏ వైపున ఉందో మీ చేతులకే తెలుసు. అన్నీ తెలిసి, ముఖం నిండా వెలుగు పెట్టి, "రండిరా" అని పిలిపిస్తారా? తెలిసిందేదో తెలిసిందని ముఖానే చెప్పండి. బొమ్మ వేసి చెప్పనక్కర్లేదు.

పట్టుపురుగుల గుడ్లు వచ్చాయి. జెలిందా వాటిని గుడ్డసంచిలో కట్టి రవికలో పెట్టుకుని తిరుగుతోంది, వెచ్చదనానికి. ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదంది. అందుకే ఇంతటితో ఆపుతున్నాను.

ఇట్లు
బోర్తొలో

---

మిలాన్, ఏప్రిల్ 20

బోర్తొలో,

నన్ను "గారు" అన్నావు. నలభై ఏళ్లు రాబోతున్నాయి, నువ్వు నన్ను గాడిద అన్నావు, దరిద్రుడా అన్నావు, ఏనాడూ గారు అనలేదు. ఆ ఒక్క మాటతో కుంచె పక్కన పెట్టేశాను. రెండు వారాలుగా బొమ్మను ముట్టుకోలేదు.

నీ కోపం నాకు అర్థమైంది. నువ్వు నన్ను చూశావు. ఇన్నేళ్లూ చూశావని అనుమానపడుతూనే ఉన్నాను, చెస్ట్‌నట్ల సంచి వచ్చినప్పుడల్లా గొంతులో ముద్ద దిగేది కాదు. ఇక నేనే చెప్పేస్తాను, తర్వాత నీ ఇష్టం.

నేను ఆ రోజు యుద్ధం చూడలేదు. మొదటి ఫిరంగి పేలగానే మల్బరీ చెట్ల పక్కన నీళ్ల కాలువ ఉంది చూడు, అందులో దూరాను. ముఖం బురదలో పెట్టి, టోపీ మెడమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని పడుకున్నాను. ఒక కప్ప వచ్చి నా మోచేతిమీద కూర్చుంది. దాన్ని తోలడానికి కూడా చెయ్యి కదపలేదు. ఇదీ నేను చూసిన పియోపెత్తా.

ఇంకా ఉంది. కాసేపటికి నా దగ్గర్లోనే ఎవరో పడ్డ చప్పుడైంది. "అమ్మా" అని అరుపు. నీ గొంతు. వెంటనే గుర్తుపట్టాను. ఇరవై అడుగుల దూరం కూడా ఉండదు. నేను లేవలేదు. నువ్వు ఒకసారి కాదు, చాలాసార్లు అరిచావు, తర్వాత మూలిగావు, తర్వాత అదీ ఆపావు. రెండు గంటలు. ఎడమవైపునుంచి పెద్ద పటాలం ఫిరంగులతో వచ్చి, తెల్లకోట్లవాళ్లు వెళ్లిపోయి, అంతా చల్లబడ్డాక లేచాను. అప్పుడు నిన్ను వీపుమీద వేసుకున్నాను. అందరూ నా భుజం తట్టారు. "నిప్పుల్లోంచి మోసుకొచ్చాడు" అన్నారు. నేను నోరు మెదపలేదు.

నీ రక్తం పోయింది ఆ రెండు గంటల్లోనే. కాలు బిగుసుకుపోయింది అందుకేనని డాక్టరు అనడం నా చెవులతో విన్నాను.

నువ్వు ఆసుపత్రిలో ఉండగా నేను చూడని యుద్ధాన్ని బొమ్మలు వేశాను. పత్రికవాడు కొన్నాడు. "అక్కడే ఉన్నవాడు" అన్నాడు. అలా మొదలైంది నా గొప్పతనం. గుర్రాల గిట్టలు ఎందుకు వేయనో ఇప్పుడు తెలిసింది కదా. నేను చూడలేదు, భయం. పొగ పెట్టి తప్పించుకుంటాను.

మేయరుగారికి చెప్పదలిస్తే చెప్పు. నీ నోటినుంచి వచ్చినా తప్పులేదు. నన్ను మాత్రం గారు అనకురా.

జెర్వాసో

---

మిలాన్, మే 25

బోర్తొలో,

ఐదు వారాలైంది. తిట్టు, కానీ రాయి. టపా బండి చప్పుడు వినిపించినప్పుడల్లా కిటికీ దగ్గరికి పరుగెత్తడంతో మద్దలేనా, "ఏ అమ్మాయి బాబూ?" అని ఆటపట్టిస్తోంది.

జె.

---

కాస్తెల్‌మోరా, జూన్ 3

ఒరేయ్ గాడిదా,

పట్టుపురుగులు నాలుగోసారి చర్మం వదిలి నిద్ర లేచాయి. ఈ పదిరోజులూ వాటికి తప్ప ఈ ఊళ్లో ఎవరికీ తిండి లేదు, నిద్ర లేదు. ఇల్లంతా తట్టలే. మా మంచం కూడా వాటికే ఇచ్చేశాం. ఆకులు నమిలే చప్పుడు పెంకులమీద వాన పడుతున్నట్టు ఉంటుంది. అందుకు ఆలస్యం. కొంత సిగ్గు వల్ల కూడా. ఈ సంగతి ముందు రాయాలా, ఆ సంగతి ముందు రాయాలా అని.

నీ ఉత్తరం జెలిందా చేత చదివించలేదు. నేనే చదివాను, కూడబలుక్కుంటూ, మూడుసార్లు. మొదటిసారి నీమీద మండిపడ్డాను. రెండు గంటలా? కప్పమీద చూపిన దయ నామీద చూపలేకపోయావా? కోపంతో ఆకుల బుట్ట తన్నాను, అదీ కుంటికాలితోనే, ప్రాణం పోయింది. రెండోసారి చదివి ఏడ్చాను. మూడోసారికి నవ్వొచ్చింది. అలా ఎందుకో చెబుతాను.

నేను నిన్ను చూడలేదురా. కాలువలో నువ్వున్నావని నాకు ఈ ఉత్తరం వచ్చేదాకా తెలియదు. చూసింది నువ్వనుకున్నాను నేను. నన్ను.

తూటా నాకు మోకాలి వెనకనుంచి దిగింది. నేను ఎవరినీ పిలవలేదు. వెనక్కి తిరగలేదు. ముందుకే చూస్తున్నాను, కాకపోతే నా ముందున్నది మన ఊరు. మొదటి వరస కూలగానే కాళ్లకు బుద్ధి చెప్పాను. తుపాకి పారేశాను. మల్బరీ చెట్లు దాటాను, కాలువ దూకాను. దూకింది నీమీదనుంచే అయి ఉంటుంది. అవతలి గట్టుమీద కాలు పెట్టానో లేదో, పడ్డాను.

ఆసుపత్రిలో పాదిరీగారు, "వెనకనుంచి తగిలిందంటే, తోటివాళ్లను పిలవడానికి తిరిగావన్నమాట నాయనా" అన్నారు. ఆయనే అనుకుని ఆయనే రాసేశారు. నేను కాదనలేదు. తర్వాత పతకం వచ్చింది. ఇక కాదనడానికి నోరు రాలేదు.

నన్ను ఎత్తుకున్నవాడు నువ్వు. గాయం చూశావు, తుపాకి లేదని చూశావు. పద్నాలుగేళ్లు ఎవరికీ చెప్పలేదు. అందుకురా చెస్ట్‌నట్లు. నీ మౌనానికి కృతజ్ఞతగా పంపేవాణ్ణి. నువ్వేమో అవి తినలేక ఏడ్చావా? మనిద్దరిలో ఎవడు పెద్ద గాడిదో కమిటీలో పెట్టి తేల్చాలి.

కాలు సంగతి. నువ్వు లేచి వచ్చి ఉంటే నీకూ తగిలేది. అప్పుడు ఇద్దరినీ మోసేవాడెవడు? నామీద ఒట్టు, నాకు నీమీద ఇంత కోపం కూడా లేదు. ఉండేది, బుట్టను తన్నడంతో పోయింది.

బోర్తొలో

జెర్వాసో అన్నయ్యకు నమస్కారం. ఈయన ఉత్తరం దాచుకుని దాచుకుని రాస్తుంటే లాక్కుని చదివాను. పద్నాలుగేళ్లుగా ఆ మోకాలికి వెనకవైపు కొవ్వు పట్టు వేస్తున్నదాన్ని నేను. తూటా ఎటునుంచి దిగి ఎటు వచ్చిందో నాకు తెలియదా? అడిగితే బాధపడతాడని అడగలేదు. పరుగెత్తాడు కాబట్టే నాకు దొరికాడు. మీరు మంచిగా తినండి. సంచికి ఈసారి చిల్లులేని గుడ్డ కుడతాను. - జెలిందా

---

మిలాన్, జూన్ 22

బోర్తొలో, నా ప్రాణమా,

నీ ఉత్తరం చదివి మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయాను, టోపీ కూడా పెట్టుకోలేదు. ఎందుకు వెళ్లానో తెలియదు. చర్చి మెట్లమీద కూర్చుని హాయిగా ఏడ్చాను. ఒక ముసలమ్మ నాణెం వేయబోయింది. ఎన్నాళ్లయిందిరా ఇంత తేలికగా ఊపిరి పీల్చి! తిరిగొచ్చి రెండు గిన్నెల సంకటి తిన్నాను. మద్దలేనా, "అమ్మాయి ఒప్పుకుందన్నమాట" అంది.

ఇప్పుడు పని మాట. "రండిరా" అని పిలిచే ఆ అందగాణ్ణి గుడ్డ పెట్టి తుడిచేశాను. ఆ చోట పరుగెత్తేవాణ్ణి గీశాను, ముఖం మనవైపు, నోరు తెరిచి, చేతుల్లో ఏమీ లేకుండా. నా జన్మలో ఇంత బాగా ఏదీ గీయలేదు. అద్దం ముందు నేనే పరుగెత్తి చూసుకున్నాను, గడ్డిగుర్రం కిందపడింది.

అయితే ఒక చిక్కు. బొమ్మలో పరుగెత్తేవాడు ఊరికే పరుగెత్తుతాడు. పారిపోతున్నాడా, మీద పడబోతున్నాడా అన్నది వాడి కాళ్లలో ఉండదు. తెల్లకోట్లవాళ్లను నేను ఎక్కడ పెడతానో అందులో ఉంటుంది. వాడి వెనక పెడితే పిరికివాడు. వాడి ముందు, ఇటు మూల పెడితే వీరుడు. అదే కాళ్లు, అదే ముఖం. ఇన్నేళ్లూ జనరళ్లందరికీ నేను చేసింది ఈ పనే, శత్రువుల్ని జరపడం.

ఎక్కడ పెట్టను? నువ్వు చెప్పినట్టు చేస్తాను. వెనక పెడితే కమిటీ తిప్పి పంపుతుంది, నీ పతకం మాట కూడా బయటికి వస్తుంది. ముందు పెడితే మళ్లీ మనిద్దరం ఆ కాలువలోకే.

జెర్వాసో

---

కాస్తెల్‌మోరా, జూలై 6

జెర్వాసో,

పట్టుగూళ్లు అమ్ముడుపోయాయి, మా మంచం మాకు తిరిగొచ్చింది. తీరిగ్గా పడుకుని ఆలోచించాను.

తెల్లకోట్లవాళ్లను తీసెయ్యి. అసలు పెట్టకు. పొగ పెట్టు. నీకు అది బాగా చేతనవును కదా. దెప్పిపొడవడం లేదు, నిజమే చెబుతున్నాను, ఆ రోజు వాళ్లు ఎక్కడున్నారో నేనూ చూడలేదు. ఎవడూ చూసి ఉండడు. పరుగెత్తాను అన్నది నిజం, అది వెయ్యి. ఎటు అన్నది చూసేవాళ్లు వాళ్ల వాళ్ల మనసును అడుగుతారు. నన్ను ఎవరైనా నోరు తెరిచి అడిగితే మాత్రం ఈసారి అబద్ధం చెప్పను. పతకం పోతే పోయింది, అది చొక్కాలకు చిల్లులు చేస్తోందని జెలిందా ఎప్పటినుంచో గొణుగుతోంది. బొమ్మలో కూడా వద్దు.

ఇంకో రెండు మాటలు. ఆ నలుగురిమీద పొగ వెయ్యకు. పోయినవాళ్లు పరుగెత్తలేదు, నిలబడ్డారు కాబట్టే పోయారు. వెలుగు వాళ్లకివ్వు. చెలెస్తినో మేజోళ్లు మర్చిపోకు, ఒక బూటు ఊడిపోయినట్టు వెయ్యి, అవ్వ కోరిక తీరుతుంది.

రెండోది, పదకొండుమందీ ఉండాలన్నారు. మరి నువ్వు? నిన్ను ఎక్కడ పెట్టుకున్నావు? జెండా పక్కనైతే నేనే కర్రతో చింపుతాను.

బోర్తొలో

---

మిలాన్, ఆగస్టు 9

బోర్తొలో,

బొమ్మ చుట్టి బండికి ఎక్కించాను. మడత పడకుండా చూడమని బండివాడి కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను.

నన్ను ఎక్కడ పెట్టానో చూస్తే తెలుస్తుంది. కింద ఎడమవైపు మూల. ముఖం కనపడదు, మేయరుగారి షరతు అక్కడ తప్పాను. కప్ప కూడా ఉంది.

నేను రావడం లేదు. రైలుకు డబ్బు లేక కాదు. మన ఊరివాళ్లు ఆ బొమ్మ ముందు నిలబడి చూస్తుంటే పక్కన నిలబడే ధైర్యం నాకు లేదు. ముఖ్యంగా తెరెజా అవ్వ ముందు. ఆవిడ కొడుకు నిలబడ్డ చోటికి నేను పడుకున్న చోటు ఎంతో దూరం లేదు. తిప్పి పంపితే అర్థం చేసుకుంటాను. ఎలా జరిగినా నువ్వే రాయి, మేయరుగారి చేత రాయించకు.

జెర్వాసో

---

కాస్తెల్‌మోరా, ఆగస్టు 18

ఒరేయ్ జెర్వాసో,

మేయరుగారు రాస్తానంటే వద్దన్నాను. కూర్చుని చదువు. ఏదైనా తింటుంటే మింగేసి చదువు.

సాన్ రోకో ఊరేగింపు అయ్యాక మమ్మల్ని ఆరుగురిని ముందు లోపలికి పంపారు. మేయరుగారు తలుపు దగ్గర నిలబడ్డారు. తెర తీశారు. ఆరుగురం గోడకు దగ్గరగా జరిగాం. నా చేతికర్ర చెమటకు జారిపోయింది. అయిపోయింది, చుట్టచుట్టేస్తారు అనుకున్నాను. అడిగితే చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను కూడా.

అప్పుడు ఎర్కోలె, అదే గడ్డంతో, ముందుకు వెళ్లి ఆ పరుగెత్తేవాడి ముక్కుమీద వేలు పెట్టాడు. "ఇది నేను" అన్నాడు.

"నువ్వేమిటిరా, నువ్వు అదిగో ఆ గడ్డంవాడివి కదా" అన్నాను.

"గడ్డంవాడు ఎవడో నాకు తెలీదు. ఇది నేనే. ఈ నోరు తెరవడం నాదే. నేను పరుగెత్తినట్టు జెర్వాసోకు ఎవడు చెప్పాడు? చెట్టుచాటునుంచి చూశాడా వెధవ?"

పాచీఫికో వాణ్ణి పక్కకు నెట్టాడు. "జరగరా. అది నేను. చేతుల్లో ఏమీ లేదు చూడు. నా బూర పియోపెత్తాలో పారేశాను. ఇప్పుడు నా దగ్గరున్నది మా మామగారిది."

"నీ బూర కాదు, నా తుపాకి!" అని ఇంకొకడు. ఒరేయ్, ఐదుగురూ కొట్టుకున్నారురా! ఆ పరుగెత్తేవాడు నేనంటే నేనని చొక్కాలు పట్టుకున్నారు. వెనకనుంచి మేయరుగారు, "అయ్యా, అందరూ శత్రువు మీదికే కదా పరుగెత్తారు, ఇందులో గొడవేముంది?" అన్నారు. ఒక్క క్షణం అందరం ఆయన ముఖం చూశాం. పాచీఫికో ముందు నవ్వాడు. తర్వాత ఎర్కోలె, గడ్డం తడిసేలా. నేను నవ్వలేక నేలమీద కూలబడ్డాను. పద్నాలుగేళ్లు, జెర్వాసో! ప్రతివాడూ తానొక్కడే పారిపోయాననుకుని, రొట్టెలు కాల్చుకుంటూ, బూర ఊదుకుంటూ, ఒకడి ముఖం ఒకడు సరిగ్గా చూడకుండా బతికాం.

కమిటీ నిర్ణయం: ఒక్క అబద్ధం కూడా లేదు. బొమ్మ గోడమీదే ఉంటుంది. పతకం గురించి నేను వాళ్లకు చెప్పేశాను. "ఉంచుకో, మా అందరి తరఫున కుంటుతున్నావు కదా" అన్నారు. ఎవరు ఎంత దూరం పరుగెత్తారో సారా కొట్లో లెక్క తేల్చారు. ఎర్కోలె గెలిచాడు, పక్క ఊరి చర్చి దాకా వెళ్లాడట.

ఇంకా ఒకటుంది. అందుకే ఈ ఉత్తరం.

తర్వాత ఊరంతా లోపలికి వచ్చారు. తెరెజా అవ్వను చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్లాను. చూపు ఆనడం లేదు కదా, ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్లింది. చెలెస్తినో కాలు చూసింది. మేజోడు అల్లిక లెక్కపెట్టింది. "ఇదే" అంది. చాలాసేపు ఆ వెలుగులో నిలబడింది. నేనూ పక్కనే నిలబడ్డాను, ఏడుపు ఆపుకోలేదు.

తర్వాత గోడ పట్టుకుని మెల్లగా ఎడమవైపుకు వచ్చింది. కింద మూలకు వంగింది. కాలువలో పడుకున్న నిన్ను చూసింది.

"వీడెవడు? చచ్చిపోయాడా?"

"లేదు అవ్వా" అన్నాను. "బతికే ఉన్నాడు. భయపడి పడుకున్నాడు."

"ఎప్పటినుంచి?"

"పద్నాలుగేళ్లనుంచి."

నాకేసి అదోలా చూసింది. ఆవిడకు అర్థమైందో, కాలేదో నాకు తెలియదు. "అయ్యో, నీళ్లు చల్లగా ఉంటాయి కదరా" అంది. "అందరూ అలా చూస్తూ నిలబడ్డారేం? ఎవరైనా లేపండి వాణ్ణి."

లేపుతానని మాటిచ్చాను. శనివారం మధ్యాహ్నం రైలు దగ్గర బండి కట్టించుకుని ఉంటాను. జెలిందా సంకటి కలుపుతుంది.

లేచి రారా.

బోర్తొలో